బంపరు కింద పసుపు లైట్లు

మా కారు ముందు బంపరు కింద, నేలకు మూరెడు ఎత్తులో రెండు పసుపు లైట్లు ఉంటాయి. ఆకివీడులో పెట్రోలు కొట్టించుకునేటప్పుడు ఎవరో ఒకరు వంగి చూసి, "ఇంత కిందకి పెట్టించారేంటండీ? గేదె తన్నితే పోతాయి కదా" అంటారు. పైకి పెట్టించుకోవడం తెలియక కాదని చెప్పాలనిపిస్తుంది. కానీ వెనక బండివాడు హారన్ కొడుతుంటే అంత కథ చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు ఆకివీడులో, చెరువు కలిదిండి వైపు. చెరువంటే చేపల చెరువు. మాకు ఉన్నది అదొక్కటే. బొచ్చె, శీలావతి పెంచుతాం. మా ఆయన పద్దెనిమిదేళ్ళు ఆ చెరువు గట్టు మీద పాకలోనే రాత్రిళ్ళు పడుకున్నారు. చలికాలంలో తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఏరియేటర్లు వేసి నీళ్ళు చిలకాలి. కరెంటు లేకపోతే డీజిలింజను తిప్పాలి. మనిషి దగ్గర లేకపోతే గంటలో చెరువు మొత్తం పోతుంది.

తరవాత ఆయనకి షుగరు కళ్ళకి ఎక్కింది. పగలు ఫరవాలేదు. పొద్దు వాలిందంటే ఆయనకి అంతా మసకే. కాలికి లేచిన పుండు మానడానికి ఆర్నెల్లు పట్టింది. గట్టు మీద పడుకోవద్దని, కారు అసలు ముట్టుకోవద్దని ఏలూరు డాక్టరుగారు చెప్పారు. నమ్మకంగా గట్టు మీద పడుకునే కాపలా మనిషి దొరకలేదు. అదీగాక, కళ్ళు మసకబారాక కూడా ఆయన ఒక పని అందరికంటే బాగా చేయగలరు. గట్టు మీద కూర్చుని చేపల నోటి చప్పుడు విని ఎంత ఇబ్బందిలో ఉన్నాయో చెబుతారు. ఒక ఏరియేటరు చాలా, రెండూ వెయ్యాలా, ఇంజను కూడా తిప్పాలా అన్నది ఆయన చెవి తేలుస్తుంది. ఆ పని కూడా లేకపోతే ఇక ఇంట్లో కుర్చీలో కూర్చోవడమే.

అందుకని కారు నేను నేర్చుకున్నాను. అప్పటికి నాకు యాభై మూడేళ్ళు. లైసెన్సుకి కంప్యూటరు ముందు కూర్చుని ప్రశ్నలు చదివి జవాబులు నొక్కాలి. అప్పట్లో నాకు చదవడం రాదు. ఆదివారం ప్రార్థన అయ్యాక మా చర్చి పాస్టరమ్మగారి దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఏడాదిన్నర పట్టింది. మొదటిసారి పరీక్షలో ప్రశ్న చదివేలోగా టైమైపోయింది. రెండోసారి పాసయ్యాను. అప్పటినుంచి తెల్లవారుజామున నాలుగున్నరకి నేను స్టీరింగు ముందు, ఆయన నా ఎడంపక్కన కూర్చుని బయల్దేరుతున్నాం. దారి కనపడని మనిషి దారిపొడుగునా నాకు దారి చెబుతూనే ఉంటారు.

"గేరు మార్చు."

"మార్చానండీ."

"ఇంజను ఏడుస్తోంది, మార్చలేదు."

నిజంగానే మార్చి ఉండను.

నిరుడు జనవరిలో ఒక తెల్లవారుజామున మంచు బాగా పట్టింది. మా దారిలో సగం తారు రోడ్డు, సగం చెరువుల మధ్య గట్టు దారి. గట్టు మీద కారు పట్టినంత చోటే ఉంటుంది. ఒక పక్క చెరువు, ఇంకో పక్క కాలవ, మధ్యలో రాయీ రప్పా అడ్డం ఉండదు. హెడ్‌లైట్లు వేస్తే ఎదురుగా తెల్లదుప్పటి కట్టినట్టు ఉంది. ఆర్పేస్తే ఏమీ లేదు. చివరికి ఆయన భుజాన తెల్ల తువ్వాలు వేసుకుని కారు ముందు నడిచారు. కాలితో గట్టు అంచు తడుముకుంటూ ఆయన, ఆయన తువ్వాలు చూసుకుంటూ నేను వెళ్ళాం. మేం చెరువు చేరేసరికి ఎండ పొడ కనపడుతోంది. చేపలు పొట్టలు తిరగేసుకుని గట్టు వారంతా తెల్లగా పేరుకుపోయి ఉన్నాయి. ఆ రోజంతా గొయ్యి తవ్వించి పూడ్పించాం.

రెండు రోజులకి మా మరిది వచ్చాడు. మా చెరువుకి రెండు గట్ల అవతల అతనికి పెద్ద చెరువులున్నాయి, మనుషులున్నారు. అన్నం తిని చెయ్యి కడుక్కుని చెప్పాడు.

"వదినా, అన్నయ్యకి కళ్ళు లేవు, నీకు మంచులో దారి లేదు. ఎందుకు ఈ బాధ? చెరువు నాకు కౌలుకివ్వండి. నేను చూసుకుంటాను. మీరు ఇంట్లో సుఖంగా ఉండండి."

కౌలు కాగితం రాయించుకునే వచ్చాడు. మా ఆయన, "ఇంకొక్క చలికాలం చూస్తాంరా. మళ్ళీ ఒక్క పొద్దు అందుకోలేకపోయినా సంతకం పెడతాను" అన్నారు.

"సరే. కాగితం ఇక్కడే ఉండనీ" అని నా చేతికిచ్చి వెళ్ళాడు.

ఆ కాగితం నేను మధ్యాహ్నాలు కొంచెం కొంచెంగా చదివాను. పూర్తవడానికి నాలుగు రోజులు పట్టింది. అందులో ఒక చోట, కౌలు కాలంలో చెరువు పనుల్లో యజమాని కలగజేసుకోకూడదని ఉంది. అన్ని కౌలు కాగితాల్లోనూ ఆ మాట ఉంటుందట. మా మరిది చెడ్డ మనసుతో రాయించింది కాదు. కానీ సంతకం పడితే మా ఆయన గట్టు మీద కూర్చుని చెవి పెట్టడం కూడా ఉండదు. ఆయనకి ఆ ముక్క చదివి వినిపించలేదు. కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టాను.

కార్లకు ముందు అదనంగా లైట్లు పెట్టిస్తారని నాకు తెలుసు. మా దారిలో తిరిగే చేపల లారీలన్నిటికీ ఉంటాయి. మళ్ళీ చలి మొదలయ్యే ముందు ఒక శుక్రవారం ఏలూరులో కళ్ళ పరీక్షకి వెళ్ళాం. అది అయ్యాక పవర్‌పేటలో కారు సామాన్ల షాపు ఒకటి ఉంటే అక్కడికి వెళ్ళాం.

"రండమ్మా, రండి సార్. ఏ బండికండీ?" అన్నాడు షాపతను.

"బండి బయటుంది. మంచులో దారి కనపడాలయ్యా" అన్నారు మా ఆయన.

"మంచేంటి సార్, ఇది పెట్టిస్తే అర కిలోమీటరు అవతల కొంగ కూడా కనపడుద్ది" అని, మూరన్నర పొడుగున్న తెల్ల లైటు పట్టీ ఒకటి కౌంటరు మీద పెట్టి బ్యాటరీకి తగిలించాడు. షాపంతా పగలైపోయింది. మా ఆయన ముఖం కూడా వెలిగింది. ఆ కళ్ళకి అంత వెలుతురు కనపడి చాలా రోజులై ఉంటుంది.

"చూశావా? లారీ వాళ్ళకి ఉండేది ఇదే" అన్నారు నాతో.

"లారీ వాళ్ళు మంచు పడితే రోడ్డు పక్కన ఆపుకుని టీ తాగుతున్నారు కదండీ. మనం చూశాం కూడా."

"వాళ్ళకి తొందరేముంది? ఐసు పెట్టుకున్నారు."

షాపతను నవ్వాడు. ఇంతలో సాయంత్రమైందని అతను సాంబ్రాణి వేసి, ధూపం పట్టుకుని షాపంతా తిప్పడం మొదలుపెట్టాడు. వెలుగుతున్న లైటు ముందుకి రాగానే ఆ పొగంతా తెల్లటి గోడలా లేచింది. వెనక గోడ మీద కాలెండరు కనపడకుండా పోయింది.

"అదిగోండి, మంచు" అన్నాను.

మా ఆయన ముందుకి వంగి కళ్ళు చికిలించారు. షాపతను కూడా ఒక్క క్షణం చూసి, "పొగ కదమ్మా, ఏ లైటుకైనా అంతేనండీ" అన్నాడు.

"ఇంకో రకం ఏదైనా చూపించు బాబూ."

"ఉన్నాయి గాని ఎవరూ తీసుకోరండీ. వెలుతురు దూరం పోదు" అంటూ కింది అరలోంచి దుమ్ము పట్టిన పెట్టె తీశాడు. లోపల అరచేతంత పసుపు లైట్లు రెండు ఉన్నాయి. తగిలిస్తే మొదటి దానితో పోలిస్తే కిరసనాయిలు దీపంలా ఉన్నాయి. మా ఆయన పెదవి విరిచారు. నేను మాత్రం వెలుతురు పడే తీరు చూశాను. మూసిన తలుపు కింది సందులోంచి వచ్చే వెలుతురులా అడ్డంగా పరుచుకుంది. పైన ఒక గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ గీతకి పైన చీకటి.

"ఏమీ అనుకోకపోతే ఇంకొంచెం సాంబ్రాణి వేస్తారా?"

"మళ్ళీనా అండీ?"

"వెయ్యవయ్యా, దేవుడేం కాదనడు" అన్నారు మా ఆయన.

అతను ఈసారి గుప్పెడు వేశాడు. పక్క షాపువాళ్ళు ఏం కాలుతోందోనని వచ్చి తొంగిచూశారు. పొగ లేచింది గాని గోడలా లేవలేదు. గీతకి పైనున్న పొగ చీకట్లోనే ఉండిపోయింది. దాని కిందుగా వెలుతురు వెళ్ళి అవతలి గోడకి తగిలింది. కాలెండరు కింది వరసలో అక్షరాలు చదివాను. ఎవరిదో ఎరువుల కొట్టు పేరు. పొగలోంచి చదివాను.

పసుపు రంగు వల్ల మంచులో బాగా కనపడుతుందని షాపతను అన్నాడు. అది నిజమో కాదో నాకు తెలియదు. నేను తీసుకున్నది ఆ గీత చూసి.

మర్నాడు వాటిని పట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్ళాం. అక్కడ మా ఆయనకి పాత స్నేహితుడు, ఆటో ఎలక్ట్రీషియను ఉన్నాడు. ఒకప్పుడు మా చెరువు మోటార్లు బాగుచేసేవాడు. తల నెరిసినా బండి కిందకి దూరడం మానలేదు. బంపరు మీద వేళ్ళతో కొట్టి చూసి, "ఇది ఉత్త ప్లాస్టిక్కు. దీనికి బిగిస్తే గతుకుల్లో ఊగి ఊడిపోతాయి. లోపల ఇనప పట్టీ ఉంది, దానికి రెండు రేకులు బిగించి వాటికి లైట్లు తగిలిస్తాను" అన్నాడు. కరెంటు హెడ్‌లైటు వైర్ల నుంచి లాగుతారా అని మా ఆయన అడిగితే, అలా లాగితే ఉన్న వైరింగు కూడా కాలిపోతుందని, బ్యాటరీ నుంచి వేరే వైరు తెచ్చి, మధ్యలో ఫ్యూజు, స్విచ్చి మీద భారం పడకుండా రిలే పెడతానని చెప్పాడు. స్విచ్చి మాత్రం నా కుడిచేతికి అందేచోట పెట్టమన్నాను.

ఎత్తు దగ్గర గొడవ వచ్చింది. బంపరు పైన పెడితే ఎదుటివాళ్ళకి కూడా కనపడుతుందని మా ఆయన. కిందే పెట్టాలని నేను.

"ఎందుకంత కింద? చీమలకి దారి చూపిస్తావా?"

"మా నాన్న అలాగే పెట్టేవాడండీ."

"మీ నాన్నకి కారెక్కడిది?"

మా నాన్నకి కారు లేదు, చిన్న పడవ ఉండేది. నా చిన్నప్పుడు కొల్లేట్లో వలలు తీయడానికి పొద్దుపొడవక ముందే వెళ్ళేవాడు. కొన్నాళ్ళు నన్నూ తీసుకెళ్ళాడు. మంచు పట్టినప్పుడు లాంతరు చేత్తో ఎత్తి పట్టుకునేవాడు కాదు. పడవ ముక్కు దగ్గర అడుగున పెట్టి, పైన రేకు ముక్క ఒకటి వంచి కప్పేవాడు. వెలుతురంతా నీళ్ళ మీద పాకేది. నేను లాంతరు పైకెత్తబోతే, "దీపం కంటి కింద ఉండాలే. కంటికెదురుగా పెడితే మంచే కనపడుద్ది" అనేవాడు. షాపులో ఆ గీత చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది నాన్న రేకు ముక్కే.

అదే చెప్పాను. ఎలక్ట్రీషియను బండి కిందనుంచే, "అమ్మగారు చెప్పింది రైటండీ. మంచు లైటు ఎంత కిందుంటే అంత మంచిది" అన్నాడు. మా ఆయన ఒప్పుకుని, "గేదె తన్నితే మీ నాన్నని పిలుస్తాను" అన్నారు.

బిగించడం మధ్యాహ్నానికి అయింది. తరవాత కారుని షెడ్డులో గోడకెదురుగా కొంచెం దూరంలో నిలబెట్టి, గుమ్మానికున్న పట్టా దించి చీకటి చేశాడు. లైట్ల ఎత్తు టేపుతో కొలిచి, గోడ మీద దానికి కాస్త కిందుగా సుద్దతో గీత గీశాడు. పెట్టెలో ఉన్న ఇంగ్లీషు కాగితంలో కూడా అలాగే బొమ్మ ఉంది. కారు ముందునుంచి చుక్కల గీత ఒకటి నేల వైపు దిగుతూ ఉంటుంది. వెలుతురు పై అంచు సుద్దగీత మీదికి వచ్చేదాకా లైట్లు వంచి, పానాతో బిగించాడు.

"ఈ గీత దాటి పైకి లేస్తే మీకూ కనపడదు, ఎదురొచ్చేవాడి కళ్ళలోనూ పడుతుంది" అన్నాడు. అప్పుడే ఒక మాట అడిగాడు. "వెనక సామానేమన్నా ఎక్కిస్తారా అండీ?"

"సామానేముందయ్యా, మేమిద్దరమే" అన్నారు మా ఆయన.

నేనూ తలూపాను.

అంతా అయ్యాక ఒక నిమ్మకాయ తెచ్చి, "చక్రం కింద పెట్టి తొక్కిద్దామా?" అన్నాడు.

"మేం ప్రార్థన చేసుకుంటాంలే. ఆ నిమ్మకాయ మజ్జిగలో పిండివ్వు" అన్నారు మా ఆయన. పిండిచ్చాడు.

డిసెంబరు సగమయ్యేదాకా మంచు పల్చగానే పడింది. లైట్లతో పని పడలేదు. ఒకరోజు సాయంత్రం తవుడు మూడు బస్తాలు, గుళికల మేత ఒక బస్తా కొని, ఎప్పటిలాగే డిక్కీలో వేసుకున్నాం. ఆ తెల్లవారుజామున తలుపు తీస్తే ఎదురింటి గేటు కనపడలేదు.

తారు రోడ్డు మీద మధ్య గీత ఉంది కాబట్టి నెమ్మదిగా వెళ్ళగలిగాం. గట్టు దారిలోకి తిరిగి, హెడ్‌లైట్లు ఆర్పేసి కొత్త స్విచ్చి వేశాను. ఎదురుగా పసుపు గోడ లేచింది.

"లైట్లు వెయ్యి" అన్నారు మా ఆయన.

"వేశానండీ."

"వెయ్యలేదు."

"వేశాను. అందుకే కనపడ్డం లేదు."

కారు ఆపేశాను. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన భుజం మీద తువ్వాలు సర్దుకున్నారు. జనవరిలో లాగే దిగి నడవబోతున్నారని అర్థమైంది. ఆ పద్ధతిలో వెళ్తే ఎప్పటికి చేరతామో ఇద్దరికీ తెలుసు. చేరాక బీరువాలోంచి ఏం తియ్యాలో కూడా తెలుసు.

దిగి కారు ముందుకి వెళ్ళి చూశాను. నేల మీద వెలుతురు లేదు. కొంచెం ముందున్న కరెంటు స్తంభానికి నడుము ఎత్తులో పడి, అక్కడినుంచి పైకి పోతోంది. తాడేపల్లిగూడెంలో సుద్దగీత మీద నిలిచిన వెలుతురు ఇలా ఎందుకు లేచిందో అర్థం కాలేదు. లైటు పట్టుకుని ఊపి చూశాను. బిగువుగానే ఉంది. వంచుదామంటే పానా లేదు.

మా ఆయన కారు చుట్టూ చెయ్యి ఆనించుకుంటూ వెనక్కి వెళ్ళారు. కాసేపటికి అక్కడినుంచి పిలిచారు.

"ఏమే, ఇది వెనక కూర్చుంది."

"ఏది?"

"కారే. చక్రానికీ పై రేకుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరాలి. ఒక్క వేలు దూరుతోంది."

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. వెనక దిగితే ముక్కు లేస్తుంది.

"సామానేమన్నా ఎక్కిస్తారా అని అడిగాడు కదే గూడెంలో" అన్నారు నెమ్మదిగా.

"మీరు లేదన్నారు."

"నువ్వూ తలూపావు."

నిజమే. డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని, మేత కంపు కొట్టకుండా ఆ ముందురోజే డిక్కీ కడిగాం. ఏడాదిలో అది ఖాళీగా ఉన్నది ఏలూరు, గూడెం వెళ్ళిన ఆ రెండు రోజులే. అయినా ఆయన అబద్ధం చెప్పలేదు. సామానంటే పెట్టెలు, సంచులు, పెళ్ళికి తీసుకెళ్ళే బిందెలు. మేత సామానని మాకు ఏనాడూ అనిపించలేదు. మా వైపు ఏ చెరువు రైతుని అడిగినా లేదనే చెబుతాడు.

డిక్కీ తీసి బస్తాలు ఒక్కొక్కటే ఈడ్చి గట్టు వార పడేశాం. మంచుకి గోనె తడిసి చేతులు జారుతున్నాయి. నాలుగోది దిగేసరికి మా ఆయనకి ఆయాసం వచ్చింది. అప్పుడు ముందుకి చూస్తే వెలుతురు దారి మీద పడి ఉంది. దూరం పోలేదు, రెండు కార్ల పొడుగు అంతే. కానీ ఎడంపక్క గట్టు అంచున గడ్డి పరక పరకా కనపడుతోంది. మంచు దానికి పైన, మాకు ఎదురుగా, చీకట్లోనే ఉండిపోయింది. ఆ గడ్డి పట్టుకుని పోయాను. మా ఆయన దారిపొడుగునా ఒక్క మాట కూడా చెప్పలేదు. అలా వెళ్ళడం అదే మొదటిసారి.

చెరువు దగ్గర ఇంజను ఆపగానే చప్పుడు వినపడింది. సన్నగా, చెరువంతా చినుకులు పడుతున్నట్టు ఉంది. ఆయన దిగి, తల పక్కకి వంచి విని, "రెండూ వెయ్యి. ఇంజను కూడా" అన్నారు. కరెంటు ఉంది. స్టార్టర్లు నొక్కాను. ఇంజను హాండిలు ఇద్దరం పట్టుకుని తిప్పాం. మూడోసారికి అందుకుంది. గొట్టం నుంచి నీళ్ళు ఎగిరి చెరువులో పడుతుంటే, ఆయన వాటికి దూరంగా నడిచి వెళ్ళి గట్టు చివర కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి, "దిగుతున్నాయి" అన్నారు. నాకు ఏమీ తేడా తెలియలేదు. ఇంకొంచెం సేపటికి నాకూ తెలిసింది.

మంచు పల్చబడుతుండగా గట్టు మీద ఎవరో పరిగెత్తుకుని వస్తున్నారు. "వదినా! అన్నయ్యా!" అని అరుపు. మా మరిది. తల నుంచి కాళ్ళదాకా నీళ్ళు కారుతున్నాయి. భుజం మీద గుర్రపుడెక్క వేలాడుతోంది. మమ్మల్ని చూసి ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు.

"ఏమైందిరా?" అన్నారు మా ఆయన.

"ఏమైందా? బస్తాలు గట్టు మీద పారేసి వస్తారా ఎవరన్నా? ఒకటి జారి కాలవలో సగం మునిగి ఉంది. పక్కన చక్రాల గుర్తులు. కారు పోయిందనుకున్నాను. మునిగి మునిగి వెతికాను. కారు డోరనుకుని తూము రాయి పట్టుకుని లాగాను!"

మా ఆయన ముందు నవ్వారు. "వచ్చిందా మరి?" అన్నారు. తరవాత తమ్ముడి వైపు చూసి, నవ్వు ఆపి, భుజం మీద తువ్వాలు తీసి ఇచ్చారు. నేను ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాను. చలికి గ్లాసు పళ్ళకి తగిలి టకటకలాడింది. మా మరిది ఏడుస్తున్నాడని గ్లాసు ఖాళీ అయ్యాక గమనించాను. ముఖం తడిగా ఉండటంతో ముందు తెలియలేదు.

తుడుచుకుని చెరువు వైపు చూశాడు. "చేపలు?"

"దిగాయి" అన్నారు మా ఆయన.

"ఎలా వచ్చారు ఇందులో?"

కారు ముందుకి తీసుకెళ్ళి చూపించాను. వంగి చూశాడు. కాసేపటికి తన మనుషుల చేత బస్తాలు మా చెరువు దగ్గరికి చేర్పించాడు. తడిసిన తవుడు బస్తా ఆ పూటే చేపలకి వేసేశాం.

ఆ సాయంత్రం మా పాక పక్కన మోటారు గది గోడకెదురుగా కారు నిలబెట్టాను. పానా మా మరిది దగ్గర అడిగి తీసుకున్నాను. అదే బరువు ఉండాలని, కొన్న మేతలో మిగిలిన మూడు బస్తాలతో పాటు పాకలో ఉన్న పాత బస్తా ఒకటి కూడా ఎక్కించి, వెలుతురు కిందకి వచ్చేదాకా లైట్లు వంచి గోడ మీద బొగ్గుతో గీత గీశాను. బస్తాలు దింపి, ఖాళీ కారుకి లైట్లు మళ్ళీ సరిచేసి ఇంకో గీత గీశాను. ఏ గీత దేనిదో మర్చిపోకుండా ఒకదాని పక్కన "మేతతో" అని, రెండోదాని పక్కన "ఖాళీ" అని రాశాను. మా ఆయన గోడ దగ్గరికి వచ్చి, "ఏది ఎక్కడుంది?" అన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని రెండు గీతల మీదా పెట్టాను. నడుముకి కింద ఎంత ఎత్తో తడిమి చూసుకున్నారు. అప్పటినుంచి కారు ఎక్కేముందు వెనక చక్రం దగ్గర వేళ్ళు పెట్టి చూడటం ఆయన పని. లైట్లు సరిచెయ్యడం నా పని. పానా డాష్‌బోర్డు అరలో ఉంటుంది.

ఆ చలికాలం ఇంకా కొన్ని పొద్దులు అలాంటి మంచే పట్టింది. ఒకసారి బాగా ఆలస్యమై నాలుగైదు చేపలు పోయాయి గాని చెరువు నిలిచింది. మిగతా రోజుల్లో ఒక్కటీ పోలేదు.

ఫిబ్రవరిలో, ఎండలు మొదలయ్యాక, మా మరిది ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "ఆ కాగితం ఎక్కడ పెట్టావు వదినా?" అన్నాడు.

మా ఆయన కుర్చీలో కదిలారు. నేను బీరువా తీసి, చీరల కిందనుంచి కాగితం తెచ్చి ఇచ్చాను. అతను తెరిచి చూడలేదు. నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు.

"చదివావా?" అని నన్ను అడిగాడు.

"చదివాను."

తలూపాడు. మెట్లు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఒకసారి పానా ఇస్తావా? మీ చెరువు దగ్గర గోడ కూడా కావాలి."

బయటికి వెళ్ళి చూశాను. అతని చిన్న వ్యాను బంపరు కింద రెండు కొత్త పసుపు లైట్లు ఉన్నాయి. వెనక మేత బస్తాలు నిండుగా ఎక్కించుకునే వచ్చాడు.